‘వాడికి తెలియదు, నువ్వు సర్దుకో’

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని సంపాదకవర్గం తమ్ముళ్లు కబురు పెట్టినప్పుడు, అందరూ రాసేదే రాద్దామని మొదట అనుకున్నాం. నీళ్ల చారు, తెల్లవారుజామున స్టడీ అవర్‌కి లేపే విజిల్, దుప్పట్ల పంపిణీ రోజున క్యూలో తోపులాట, గోడ దూకి చూసిన సెకండ్ షో. ఇవన్నీ ప్రతి సంచికలోనూ ఉంటాయి, ఈసారీ ఉంటాయి. మాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. అందుకని మన సంచికలో ఇంతవరకు ఎవరూ ముట్టుకోని ఒక సంగతి రాయదలచుకున్నాం. ఇంట్లో ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉండి, వాళ్ల తర్వాత పుట్టిన పిల్లల సంగతి ఇది. ఆ ఇద్దరి మధ్య నడిచే పోటీ, అసూయ, కోపం గురించి.

‘మేము’ అంటే ఎవరో ముందే చెప్పాలి. ఈ హాస్టల్లో ఒకే హాలులో, ఒకే కిటికీ కింద పెట్టెలు పెట్టుకున్న ముగ్గురం. ముగ్గురి ఇళ్లలోనూ అలాంటి తోబుట్టువు ఉన్న సంగతి రెండేళ్ల దాకా ఒకరిది ఒకరికి తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మన పెద్దలు నేర్పిన చదువు అది. సెలవులు ఇస్తే అందరూ సంచులు సర్దుకుని బస్టాండుకు పరుగెత్తుతుంటే, ముగ్గురం మాత్రం ఏదో ఒక వంకతో వెనకబడేవాళ్లం. అలా వెనకబడ్డ చోటే మాటలు కలిశాయి. ఇప్పుడు కలం పట్టింది మాలో ఒక్కరే. ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతున్నాడు, వయసు 23, వాళ్ల ఇంట్లో డిగ్రీ పట్టా మొహం చూసిన మొదటి మనిషి. అనుభవాలు మాత్రం ముగ్గురివీ కలిపేశాం. ఏది ఎవరిదో చెప్పం. మాకు ఉన్నట్టే మా అన్నలకూ అక్కకూ పరువు ఉంటుంది.

ఆటిజం అంటే ఏమిటో తెలియని తమ్ముళ్ల కోసం నాలుగు ముక్కలు. ఇది అంటుకునే జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా. మాట, నలుగురితో కలవడం, శబ్దాన్నీ వెలుతురునూ స్పర్శనూ తట్టుకోవడం, ఇవన్నీ వాళ్లలో వేరుగా ఉంటాయి. కొందరికి జీవితమంతా మాటలు రావు. కొందరు ధారాళంగా మాట్లాడతారు, చదువుతారు, ఉద్యోగాలు చేస్తారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఇది వైద్యలోకానికి బాగా తెలిసింది. ఆ తర్వాత చాలాకాలం తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఇలా జరుగుతుందని పెద్దపెద్ద వాళ్లే రాశారు. బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో దీని మీద ఒక పుస్తకమే వేశాడు. అదంతా తప్పని తేలిపోయింది. 1998లో టీకాల మీద నెపం పెట్టిన వ్యాసాన్ని కూడా, అచ్చువేసిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. మన ఊళ్లలో బెటెల్‌హైమ్ పేరు ఎవరూ విని ఉండరు గానీ ఆయన మాట మాత్రం ప్రతి అరుగు మీదా వినపడుతుంది. గ్రహణం నాడు బయట తిరిగింది, పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలి కూలికి పోయింది, ముచ్చట్లు చెప్పలేదు. ఏ దారిన వచ్చినా నింద చేరేది తల్లి దగ్గరికే. దేశం ఏదైనా ఈ ఒక్క విషయంలో పండితులూ పామరులూ ఒకటైనట్టున్నారు!

మా ఇళ్లలో ఆ పేరు వినపడటానికి కూడా చాలా ఏళ్లు పట్టింది. ‘మాట రానివాడు’, ‘మెంటలోడు’, కాస్త దయగల వాళ్లయితే ‘దేవుడి బిడ్డ’. మాలో ఒకరి అన్నకు మొదట ఇచ్చిన సర్టిఫికెట్టులో బుద్ధిమాంద్యం అని రాశారు. ఆటిజాన్ని కొలిచి విడిగా సర్టిఫికెట్టు ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వం 2016లో గానీ తేలేదు. అదే ఏడాది వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల జాబితాలో ఆటిజాన్నీ చేర్చింది. అప్పటికి మా అన్నలకు మీసాలు వచ్చేశాయి.

ఇక అసలు సంగతి. అన్నదమ్ముల మధ్య పోటీ ఏ ఇంట్లో లేదు? ఆదివారం కూరలో లివరు ముక్క ఎవరికి, నాన్న సైకిలు ముందు కడ్డీ మీద ఎవరు, కొత్త చొక్కా ఎవరికి. కాకపోతే మామూలు ఇళ్లలో దానికి ఒక వరస ఉంటుంది. పెద్దవాడు ముందు నడుస్తాడు, చిన్నవాడు వాణ్ణి అందుకోవాలని వెనక పరుగెత్తుతాడు. మా ఇళ్లలో ఆ వరస నాలుగైదేళ్లకే తలకిందులైంది. మాట చిన్నవాడికి ముందు వచ్చింది. గుండీలు పెట్టుకోవడం, చెప్పులు తొడుక్కోవడం, బజారుకు పోయి చిల్లర సరిగ్గా తేవడం, అన్నీ చిన్నవాడే ముందు. మాలో ఒకరి అన్న పేరు బడిలో నాలుగో తరగతి రిజిస్టరులో ఉండేది, ఆయన కూర్చునేది మాత్రం ఒకటో తరగతిలో తమ్ముడి పక్కన. అక్కడైతేనే అరవకుండా ఉంటాడని పంతులుగారు కూర్చోబెట్టారు. తమ్ముడు పలక మీద ఏది రాసినా అన్న చేత్తో తుడిచేసేవాడు. మళ్లీ రాస్తే మళ్లీ తుడిచేవాడు. అది అసూయో, ఏమీ లేని నల్లటి పలక మీద ఇష్టమో మాకు ఇప్పటికీ తెలియదు. ఆ తమ్ముడికి మాత్రం అప్పుడు సందేహం లేదు. తనకు చదువు రావడం అన్నకు ఇష్టం లేదు, అంతే.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే సంచిక చాలదు. ఒకరి అన్న సోడా మూతలు ఏరి అరుగు మీద వరసగా పేర్చేవాడు. అందులో ఒక్కటి తీస్తే ఆకాశం విరిగిపడేది. ఆడుకోవడానికి తమ్ముడు ఒక మూత తీశాడు, అన్న తల గోడకు కొట్టుకున్నాడు, నాన్న వచ్చి తమ్ముడి వీపు పగలగొట్టాడు. ఇంకొకరి అక్క పెరుగన్నం తప్ప ఏదీ తినదు, అదీ అంచు వంగిన ఒక్క పళ్లెంలోనే. ఆ పళ్లెంలో తమ్ముడు అన్నం పెట్టుకున్న రోజు ఇంట్లో ఎవరూ తినలేదు. పదో తరగతి పరీక్షల ముందు సెలవులకు తీసుకెళ్లిన నోట్సు నీళ్ల తొట్టిలో తేలింది. ఈ ప్రతి సంఘటన చివరా మాకు వినపడిన మాట ఒక్కటే.

“వాడికి తెలియదు నాన్నా, నువ్వన్నా సర్దుకో.”

ఈ మాట మీద మాకు కోపం ఉంది. అమ్మ మీద కాదు. చిక్కుడు తీగలా పది వైపులా లాగబడే మనిషి ఆ క్షణాన ఇంతకంటే ఏమంటుంది? మాట మీదే కోపం. అందులో రెండు అబద్ధాలున్నాయి. ‘వాడికి తెలియదు’ అన్నది మొదటిది. వాడికి చాలా తెలుసు. అమ్మ ఒడిలోకి కొత్తగా ఒకరు వచ్చారని తెలుసు. తను పడుకునే చోటు మారిందని, స్నానం వేళ మారిందని, ఇంట్లో ఎప్పుడూ లేని ఒక శబ్దం మొదలైందని తెలుసు. తనకంటే చిన్నవాడు బడి సంచి తగిలించుకుని పోతున్నాడని, వాణ్ణి నలుగురూ మెచ్చుకుంటున్నారని చూస్తూనే ఉన్నాడు. చెప్పడానికి మాట లేదు, అంతే. మాట లేనివాడికి మనసు లేదనుకోవడం మన సౌకర్యం కోసం మనం కల్పించుకున్నదే.

మాలో ఒకరు పుట్టిన నెలలోపే నాలుగేళ్ల అన్న ఉయ్యాల తోసేశాడట. ‘పుట్టగానే నిన్ను చంపబోయాడు’ అని ఆ కథ చుట్టాలందరూ నవ్వుతూ చెప్పేవాళ్లు. నవ్వుతూనే చెప్పినా, వినే పిల్లవాడికి అది నవ్వులాట కాదు. పుట్టుకతోనే తనకొక శత్రువు ఉన్నాడని నమ్ముతూ పెరిగాడు. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు కొన్ని శబ్దాలు చెవిలో మేకు దిగినంత బాధ పెడతాయని, చంటిబిడ్డ ఏడుపు అలాంటి శబ్దాల్లో ఒకటని పీజీలో చదువుకున్నాక గానీ మాకు అర్థం కాలేదు. ఆ నాలుగేళ్ల పిల్లవాడు ఒక చేత్తో చెవి మూసుకుని రెండో చేత్తో ఉయ్యాల తోశాడని అమ్మే తర్వాత చెప్పింది. చెవి మూసుకున్న సంగతి ఇరవై ఏళ్లు కథలోంచి జారిపోయింది. తోసిన సంగతే మిగిలింది.

‘నువ్వు సర్దుకో’ అన్నది రెండో అబద్ధం. అంటే, చిన్నవాడికి సర్దుకోవడం వచ్చు అన్న అబద్ధం. ఆరేళ్ల పిల్లవాడికి సర్దుకోవడం రాదు. అణుచుకోవడం వస్తుంది. రెండూ ఒకటి కాదని ఆ పిల్లవాడు పద్నాలుగేళ్ల వాడై హాస్టల్లో ఊరికే పక్కవాడి మీద కలబడినప్పుడు వార్డెన్ గారికి తెలుస్తుంది. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. మా ఇళ్లలో అది తిరగబడింది. అడగడం రాని బిడ్డ ఏమి కావాలో అమ్మ కళ్లతోనే కనిపెట్టి పెట్టేది. అడగడం వచ్చిన బిడ్డ అడిగీ అడిగీ మానేశాడు. అడగకుండా ఉండేవాణ్ణి ‘బుద్ధిమంతుడు’ అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెప్పు కోసం ఇంకా నోరు మూసుకున్నాడు. జ్వరం వస్తే చెప్పనివాళ్లం, ప్రోగ్రెస్ కార్డు చూపించనివాళ్లం, కాలికి మేకు గుచ్చుకుంటే పసుపు తనే రాసుకున్నవాళ్లం మాలో ఉన్నాం. దీన్ని మంచితనం అని ఎవరైనా రాస్తే మేము ఒప్పుకోం.

ఇక్కడ మన హాస్టల్ వాళ్లకు బాగా తెలిసిన ఒక వాదన ఉంది. ఒకరికి ఎక్కువ ఇస్తే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టేనా? కాలేజీలో చేరిన వారం నుంచే ఈ ప్రశ్న మనల్ని వెంటాడుతుంది. ర్యాంకు ఎంత, ఫీజు ఎంత కట్టావు, స్కాలర్‌షిప్పు ఎంత. అందరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తించడం సమానత్వం కాదని మనం ఎన్ని వ్యాసరచన పోటీల్లో రాసి బహుమతులు తెచ్చుకోలేదు! మరి అదే మాట ఇంట్లో అన్న దగ్గరికి వచ్చేసరికి మనకెందుకు మింగుడుపడదు? ఈ ప్రశ్న మీద మేము ముగ్గురం రాత్రులు రాత్రులు కొట్లాడుకున్నాం. అన్నకు ఎక్కువ కావాలి, అది న్యాయమే, ఏడవడమెందుకు అని ఒకడు. నువ్వు ఏడవలేదా అని ఇంకొకడు.

చివరికి మాకు తోచింది ఇది. రిజర్వేషను ఇచ్చేది రాజ్యం. మన ఇళ్లలో అన్నకు ఇస్తున్నది రాజ్యం కాదు, ఆరేళ్ల తమ్ముడు. వాడి పళ్లెంలోంచి, వాడి నిద్రలోంచి, వాడి అమ్మ ఒడిలోంచి తీసి ఇస్తున్నారు. ఎందుకు తీస్తున్నారో వాడికి చెప్పలేదు, వాణ్ణి అడగలేదు. ప్రభుత్వం పెట్టవలసిన ఖర్చును ఒక చిన్నపిల్లవాడి వాటాలోంచి కోస్తుంటే ఆ పిల్లవాడికి ప్రభుత్వం కనపడదు, అన్నే కనపడతాడు. కాబట్టి కోపం అన్న మీద పడుతుంది. పెద్దయ్యాక కూడా అక్కడే ఉండిపోతుంది.

ప్రభుత్వం పెట్టవలసింది ఏమీ లేదా అంటే కాగితం మీద చాలా ఉంది. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. మన మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి, ప్రత్యేక అవసరాల పిల్లల కోసమే. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే పథకం 2013లో మొదలైంది, దాని కింద జిల్లా కేంద్రాల్లో చికిత్సా కేంద్రాలు పెట్టారు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. నేషనల్ ట్రస్టు వారి నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. కానీ మిరపకాయల కోతల్లో ఉన్న తల్లి వారానికి రెండుసార్లు థెరపీకి తీసుకెళ్లాలంటే రెండు రోజుల కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. మాలో ఒకరి అక్క పెద్దమనిషి అయ్యాక ఆ అమ్మ కూలికి పోవడమే మానేసింది. ఊళ్లో ఆడపిల్లను, అదీ అరవలేని ఆడపిల్లను, ఎవరి మీద నమ్మకంతో వదిలిపోతుంది? ఆ ఇంటి రాబడి అక్కడికక్కడే సగమైంది. ఆ తమ్ముడు ఆ ఏడాదే హాస్టలుకు వచ్చాడు.

మనలో చాలామందిని హాస్టల్లో వేసింది చదువు కోసం, మూడు పూటల అన్నం కోసం. మా ముగ్గురికీ ఇంకో కారణం కూడా ఉంది. ఇద్దరినీ చూడలేక ఒకరిని పంపారు. పంపదగిన వాడు చిన్నవాడే కాబట్టి వాణ్ణి పంపారు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని ఈ గేటు లోపలికి వచ్చిన రోజు మాకు అనిపించింది ఒక్కటే: అన్న గెలిచాడు. నాన్న వెనక్కి తిరిగి బస్సు ఎక్కడం మనందరం చూసిందే. కానీ ఆ బస్సు ఎవరి దగ్గరికి పోతోందో లెక్కపెట్టుకుంటూ చూడటం వేరు.

అయితే ఇదే పెట్టె గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. తాళం వేసుకునే వస్తువు మా జీవితంలో అదే మొదటిది. అందులో పెట్టిన పుస్తకం పెట్టినట్టే ఉండేది. రాత్రి పడుకుంటే తెల్లారే దాకా ఎవరూ అరవలేదు. మొదటి నెలలోనే బరువు పెరిగినవాళ్లం ఉన్నాం, ఆ నీళ్ల చారు తినే! ఇంటికి దూరమైనందుకు ఏడుస్తూనే కంటినిండా నిద్రపోయాం. ఈ రెండూ ఒకే రాత్రి జరిగేవి. సెలవులకు వెళ్తే అమ్మ చెప్పింది, అన్నాల వేళ అన్న మా పళ్లెం కూడా తెచ్చి వరసలో పెడుతున్నాడట. తీస్తే ఊరుకోవడం లేదట. వరస చెడకూడదనే పెట్టి ఉండవచ్చు. దాన్ని ప్రేమ అని రాసి కళ్లనీళ్లు పెట్టించడం మాకు ఇష్టం లేదు. కానీ నాలుగు నెలలు ఖాళీ పళ్లెం ఒకటి ఆ ఇంట్లో మా పేరు మీద నేల మీద ఉంది, అది నిజం.

కానర్ రాసిన 11 మంది పిల్లల్లో మొదటివాడి పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు వాళ్లది. 1937లో, నాలుగేళ్లు నిండకుండానే, డాక్టర్ల మాట విని తల్లిదండ్రులు ఆ పిల్లవాణ్ణి ఇంటికి దూరంగా ఒక సంస్థలో వేశారు. ఏడాది తర్వాత మనసు ఒప్పక వెనక్కి తెచ్చుకున్నారు. అక్కడ పంపింది పెద్దవాణ్ణి, మా ఇళ్లలో పంపింది చిన్నవాణ్ణి. ఎవరో ఒకరు పోకుండా ఇద్దరూ ఇంట్లో ఉండే ఏర్పాటు గురించి అక్కడా ఎవరూ ఆలోచించలేదు, ఇక్కడా ఆలోచించలేదు. డొనాల్డ్ తర్వాత బడికి పోయాడు, కాలేజీకి పోయాడు, బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, దేశాలు తిరిగాడు. తల్లిదండ్రులు పోయాక కూడా సొంత ఊళ్లో, సొంత ఇంట్లో బతికి 2023లో 89 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆయనకూ ఒక తమ్ముడు ఉండేవాడు, ప్లీడరు. ఆ కుటుంబానికి సొంత బ్యాంకు ఉంది, ఆయన పేరున నిధి పెట్టారు, ఊరంతా ఆయన్ను ఎరుగుదురు. మనకు బ్యాంకుతో ఉన్న సంబంధం పంట రుణం ఒక్కటే. కాబట్టి ఆ కథ చదివి పొంగిపోనక్కర్లేదు. కానీ ఊరు ఒక మనిషిని తనవాడనుకుంటే ఏమవుతుందో అందులో ఉంది. దానికి బ్యాంకు అక్కర్లేదు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇంట్లో వాళ్లు మా అన్నలను ‘భారం’ అనేవాళ్లు, మమ్మల్ని ‘ఆసరా’ అనేవాళ్లు. లెక్క చూస్తే అలా లేదు. వికలాంగుల పింఛను 500 రూపాయలు ఉన్న రోజుల్లో ఆ డబ్బుతోనే మాలో ఒకరి ట్రంకు పెట్టె కొన్నారు. ఇంకొకరి ఇంటర్ పరీక్ష ఫీజు అన్న పింఛను. పీజీ ఎంట్రన్సుకు దరఖాస్తు పెట్టింది కూడా ఆ డబ్బుతోనే. ఆ పింఛను తెలంగాణలో 2023లో 4016 రూపాయలు అయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6000 అయింది. కూలి దొరకని నెలల్లో ఆ ఇంటికి నికరంగా వచ్చే రాబడి అదొక్కటే. సంపాదించేవాడు ఎవరు, తినేవాడు ఎవరు? ‘అన్న కోసం తమ్ముడు త్యాగం చేశాడు’ అని మన సాంస్కృతిక కార్యక్రమాల్లో నాటికలు వేస్తుంటారు. అన్న వేలిముద్ర మీద తమ్ముడు డిగ్రీ చదివిన నాటిక ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు.

ఇప్పుడు మాకు వయసు వచ్చింది, పోటీ ఇంకో రూపం తీసుకుంది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఇంట్లో ఆ మనిషిని చూసి గ్లాసు మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు. ఉద్యోగం వస్తే ఊరికి దగ్గరలో చూసుకోమంటారు. ‘మేము పోయాక నువ్వే గదా’ అంటుంది అమ్మ. అవును, మేమే. చూడం అని మాలో ఎవరూ అనలేదు. కానీ అమ్మానాన్న ఆ మాట మాతో కూర్చుని మాట్లాడాలి, మా పెళ్లికి ముందు మాట్లాడాలి, ఆడపిల్లలున్న చోట వాళ్లతోనూ మాట్లాడాలి. 18 ఏళ్లు దాటినవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం కింద సంరక్షకుణ్ణి నియమించుకునే వీలుంది. జిల్లా కలెక్టరు ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కొడుకు ఉన్నాడు గదా, కాగితమెందుకు అనుకుంటారు. కాగితం ఉంటే కొడుకు బాధ్యత ఎంతవరకో, మిగతాది ఎవరిదో తేలుతుంది. తేలనంతకాలం అది మా భుజం మీద మోయలేని కావడిలా ఉంటుంది, అన్నకు కూడా అది అవమానమే. తన బతుకు ఎవరి దయ మీద ఉందో వినే మనిషి ఆయన. పక్కగదిలోనే ఉంటాడు, చెవులు మనకంటే చురుకు.

హాస్టల్ వాళ్లుగా మనం చెయ్యగలిగింది ఉందా? ఉంది, పెద్దగా ఖర్చు కూడా లేదు. మన హాలుల్లో ‘మెంటల్’ అన్న మాట రోజుకు ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టండి. ఇంట్లో అలాంటి అన్న ఉన్న పిల్లవాడు ఆ మాట అన్నప్పుడల్లా తల దించుకుంటాడు, లేదా అందరికంటే గట్టిగా నవ్వుతాడు. మేము రెండోరకం. కొత్తగా చేరిన పిల్లవాణ్ణి వార్డెన్ గారు నాన్న పేరు, కులం సర్టిఫికెట్టు అడిగినట్టే ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఎలా ఉన్నారో ఒకసారి విడిగా అడిగితే చాలు. సెలవుల తర్వాత ఆలస్యంగా వచ్చినవాణ్ణి నిలబెట్టే ముందు కారణం అడిగితే చాలు. ఇంకొకటి. ఆటిజం ఉన్న బిడ్డ తర్వాత పుట్టిన పిల్లల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి అది ఉంటోందని 2011లోనూ 2024లోనూ వెలువడిన పెద్ద అధ్యయనాలు చెప్పాయి. ఒక మూల కూర్చుని ఎవరితో కలవని జూనియర్, భోజనాల హాలులో పళ్లేల మోతకు చెవులు మూసుకునే జూనియర్ మన మధ్యనే ఉండవచ్చు. వాడికి పెట్టిన పేరు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇంటి దగ్గర అమ్మానాన్నలకు చెప్పవలసింది కూడా మనమే చెప్పాలి, చదువుకున్నది మనమే కాబట్టి. చిన్నవాడికి వాడి వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి. మూడేళ్లవాడికి ‘అన్న చెవులకు అరుపు నొప్పి’ అంటే చాలు. ఎనిమిదేళ్లవాడికి పేరు చెప్పాలి, అది అంటుకోదని చెప్పాలి, వాడి వల్ల రాలేదని చెప్పాలి. చిన్నవాడికి తాళం ఉన్న పెట్టె ఒకటి ఇవ్వండి, పాత డబ్బా అయినా సరే. పెద్దవాడి సోడా మూతలకూ అలాగే ఒక చోటు ఇవ్వండి. రోజుకు పావుగంట, నీళ్ల బిందె మోసేటప్పుడైనా సరే, చిన్నవాడితో ఒంటరిగా మాట్లాడండి, అన్న ఊసు లేకుండా. ‘నాకు వాడంటే కోపం’ అని వాడు అంటే నోరు మూయించకండి. అనగలిగినవాడు తొయ్యడు.

అమెరికాలో డాన్ మేయర్ అనే ఆయన 1980ల్లో ఇలాంటి తోబుట్టువుల కోసం ‘సిబ్‌షాప్’ అని సమావేశాలు మొదలుపెట్టాడు. పిల్లలు ఒకచోట చేరతారు, ఆడుకుంటారు, తింటారు, మధ్యలో ఇంటి సంగతులు మాట్లాడుకుంటారు. అంతే. దాని గురించి క్లాసులో చదివినప్పుడు మాకు నవ్వొచ్చింది. పేరు పెట్టలేదు గానీ, కిటికీ కింద మూడు ట్రంకు పెట్టెల మీద కూర్చుని అప్పట్లో మేము చేసింది అదే. ఆటలు లేవు, తిండి మాత్రం ఉండేది, కమాటి అక్క దాచి ఇచ్చిన మాడు అన్నం.

ఈ ఏడాది వార్షికోత్సవం రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం బోరింగు దగ్గర వేపచెట్టు కింద ఉంటాం. ఇంట్లో అలాంటి అన్నో అక్కో తమ్ముడో చెల్లెలో ఉన్నవాళ్లు రండి. పేరు చెప్పనక్కర్లేదు, ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. సర్టిఫికెట్టు, నిరామయ, సంరక్షకుని దరఖాస్తు కాగితాల నమూనాలు జిరాక్సు తీసి తెస్తున్నాం. మాలో ఒకరి అన్న కూడా వస్తున్నాడు. ఆయన ఉన్నప్పుడు మైకు సౌండు కాస్త తగ్గించమని నిర్వాహకులకు ముందే చెప్పాం, మీరూ ఒకసారి గుర్తుచెయ్యండి. సోడా తాగినవాళ్లు మూతలు పారెయ్యకండి.